వణకని మాట

పాఠ్యభాగ పరిచయం

జబ్బు రావడం ఎవరి తప్పూ కాదు. అయినా కొన్ని జబ్బులను మనవాళ్లు బయటికి చెప్పుకోరు. చెప్పుకోకపోవడం వల్ల వైద్యం ఆలస్యమవుతుంది, మనిషి ఒంటరివాడవుతాడు. వార్తలు చెప్పడమే వృత్తిగా బ్రతికిన ఒక పాత్రికేయుడు తన జబ్బును కూడా వార్తలాగే లోకానికి చెప్పి, తనవంటి వారందరి పక్షాన నిలిచిన తీరును ఈ పాఠం వివరిస్తుంది.

ప్రక్రియ: వ్యాసం

పాఠం

భాల్కి పట్టణంలో బజారుకు వెళితే నాలుగు భాషలు చెవిన పడతాయి. కన్నడంలో మొదలైన బేరం మరాఠీలో సాగి, ఉర్దూలో తెగి, తెలుగులో ఇంటికి చేరడం బీదరు జిల్లాలో వింత కాదు. పెద్దవారి చేతులను వణికించే ఒక జబ్బుకు కూడా ఇక్కడ నాలుగు పేర్లు ఉన్నాయి. కన్నడం మాట్లాడేవారు దానిని ‘నడుక’ అంటారు. మరాఠీవారు ‘కంపవాత’ అంటారు. ఉర్దూలో ‘రాషా’ అంటారు. తెలుగువారు ‘వణుకు రోగం’ అంటారు. వైద్యులు ‘పార్కిన్సన్ వ్యాధి’ అని వ్యవహరిస్తారు. ఇన్ని పేర్లు ఉన్నా, సొంత ఇంట్లో ఒకరికి ఆ జబ్బు వచ్చినప్పుడు మాత్రం వాటిలో ఒక్క పేరూ నోటికి రాదు.

“తాతా, ఊరికే కూర్చున్నప్పుడు నీ చెయ్యి వణుకుతోందేం?” అని మనుమడు అడుగుతాడు.

“ఏం లేదు బిడ్డా, వయసైపోయింది” అని తాత ఆ చేతిని కండువా కింద దాచుకుంటాడు.

అంతటితో ఆ మాట ముగిసిపోతుంది. కాని జబ్బు ముగియదు. కొన్నాళ్లకు చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తాతకు పావుగంట పడుతుంది. చాయ్ కప్పు సాసరు మీద గలగలమంటుంది. బ్యాంకులో చేసిన సంతకం పాత సంతకంతో కలవదు. రాస్తున్న కొద్దీ అక్షరాలు చిన్నవవుతూ పోతాయి. గొంతు సన్నబడుతుంది. ముఖంలో నవ్వు తగ్గితే, కోపంగా ఉన్నాడని ఇంటివాళ్లు అనుకుంటారు. నలుగురూ చూస్తారని ఆయన పెళ్లిళ్లకు వెళ్లడం మానేస్తాడు. ఇలా జబ్బు కన్న ముందు సిగ్గు మనిషిని మంచాన పడవేస్తుంది.

ఈ జబ్బు ఎందుకు వస్తుందో తెలుసుకోవడానికి ముందు, ఆరోగ్యవంతమైన చేయి ఎలా పని చేస్తుందో చూడాలి. బీదరు బిద్రీ కళాకారులు లోహపు పాత్రపై సన్నని ఉలితో పువ్వులు, తీగలు చెక్కి, ఆ గీతలలో వెండిని పొదుగుతారు. ఉలి వెంట్రుక వాసి తప్పినా పువ్వు రూపు చెడుతుంది. చేయి అంత నిబ్బరంగా కదలాలంటే మెదడు నుండి ఆజ్ఞ సక్రమంగా అందాలి. ఆ ఆజ్ఞలు సాఫీగా సాగడానికి తోడ్పడే రసాయనాలలో ముఖ్యమైనది డోపమైన్. మెదడు అడుగుభాగాన నల్లగా కనిపించే ఒక చిన్న ప్రాంతంలోని కణాలు దీనిని తయారు చేస్తాయి. పార్కిన్సన్ వ్యాధిలో ఈ కణాలు క్రమంగా నశిస్తాయి. లక్షణాలు బయటపడే నాటికే వాటిలో చాలా భాగం నశించి ఉంటాయి. అప్పుడు కదలికలు మందగిస్తాయి, కండరాలు బిగుసుకుంటాయి, చాలామందిలో విశ్రాంతిగా ఉన్న చేయి తనంతట తానే వణుకుతుంది. కొందరిలో వణుకు ఉండనే ఉండదు. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్ర చెడిపోవడం వంటివి వణుకుకు ఎన్నో ఏళ్ల ముందే కనిపించవచ్చు.

ఇది అంటువ్యాధి కాదు. ఒకరి నుండి మరొకరికి సోకదు. ఎక్కువగా అరవై ఏళ్లు దాటినవారిలో కనిపించినా, యాభై ఏళ్లలోపు వారికి కూడా రావచ్చు. కాబట్టి ‘వయసైపోయింది’ అనే జవాబు సరియైనది కాదు. అలాగే వణికే ప్రతి చేయీ పార్కిన్సన్ వ్యాధికి గుర్తు కాదు. థైరాయిడ్ గ్రంథి దోషం వల్ల, కొన్ని మందుల వల్ల, వంశపారంపర్యంగా వచ్చే మరొక రకం వణుకు వల్ల కూడా చేతులు కదలవచ్చు. ఏది ఏమిటో నిర్ణయించవలసినవాడు వైద్యుడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2019లో ప్రపంచంలో 85 లక్షల మందికి పైగా ఈ వ్యాధితో జీవిస్తున్నారు.

ఈ వ్యాధిని మొదట స్పష్టంగా వర్ణించినవాడు లండన్ నగరానికి చెందిన జేమ్స్ పార్కిన్సన్ అనే వైద్యుడు. ఆయన 1755 ఏప్రిల్ 11న జన్మించాడు. 1817లో ‘కంపించే పక్షవాతం’ గురించి ఒక చిన్న గ్రంథం ప్రచురించాడు. అందులో ఆరుగురు రోగుల వృత్తాంతాలు ఉన్నాయి. విశేషమేమిటంటే, వారందరూ ఆయన వద్దకు వైద్యానికి వచ్చినవారు కారు. కొందరిని ఆయన వీధిలో నడుస్తుండగా గమనించాడు. పదిమంది కళ్లెదుట నడిచిన జబ్బును ఒక్కడు శ్రద్ధగా చూశాడు, చూసినదానిని రాశాడు. తరువాతి కాలంలో ఫ్రాన్సు దేశపు వైద్యుడు షార్కో ఈ వ్యాధికి పార్కిన్సన్ పేరు పెట్టాడు. నేడు ఏప్రిల్ 11వ తేదీని ప్రపంచ పార్కిన్సన్ దినంగా పాటిస్తున్నారు.

జేమ్స్ పార్కిన్సన్ గ్రంథం వెలువడిన రెండు వందల ఏళ్ల తరువాత, అదే లండన్ నగరంలో ఈ వ్యాధి ఒక పాత్రికేయుని చేయి పట్టుకుంది. ఆయన పేరు రోరీ కెత్లిన్ జోన్స్. కెత్లిన్ అనేది వేల్స్ ప్రాంతపు పేరు.

రోరీ 1958లో లండన్‌లో జన్మించాడు. తల్లి సిల్వియా బి.బి.సి. ప్రసార సంస్థలో కార్యదర్శిగా పని చేసేది. తండ్రి జేమ్స్ టెలివిజన్ నాటకాల దర్శకుడు. తండ్రి వేరుగా ఉండటం వల్ల రోరీ ఒక చిన్న ఇంటిలో తల్లి పెంపకంలో పెరిగాడు. యౌవనం వచ్చిన తరువాతే తండ్రిని మొదటిసారి కలుసుకున్నాడు. 1996లో తల్లి మరణించిన తరువాత, ఆమె భద్రపరచిన ఉత్తరాలు కొడుక్కు దొరికాయి. జరిగినదంతా కొడుకు ఉన్నది ఉన్నట్లుగా తెలుసుకోవాలనే కోరికతో ఆమె వాటిని దాచి ఉంచింది. వాటి ఆధారంగా ఆయన 2023లో ‘రస్కిన్ పార్క్’ అనే పుస్తకం వెలువరించాడు. నిజాన్ని మరుగుపరచకూడదనే పాఠం ఆయనకు ఇంటిలోనే లభించిందని చెప్పవచ్చు.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో భాషలు చదివిన రోరీ 1981లో బి.బి.సి.లో చేరాడు. క్రమంగా వాణిజ్య విలేఖరిగా పేరు తెచ్చుకున్నాడు. వాణిజ్య విలేఖరి అంటే ఎవరు? భాల్కి మార్కెట్ యార్డులో కందుల ధర ఉన్నట్టుండి పడిపోయిందనుకుందాం. ఎందుకు పడింది, ఎవరికి నష్టం, రేపు ఏమవుతుంది అనే సంగతులను విచారించి, లెక్కలతో సామాన్యునికి అర్థమయ్యేలా చెప్పేవాడే వాణిజ్య విలేఖరి. లాభం వచ్చినప్పుడు సంస్థలు తామే చాటింపు వేసుకుంటాయి. నష్టం వచ్చినప్పుడు లెక్క దాస్తాయి. దాచిన ఆ లెక్కను బయటపెట్టడమే మంచి విలేఖరి పని.

1992 సెప్టెంబరు 16న బ్రిటన్ ద్రవ్యమైన పౌండు విలువ పతనమైంది. ఆ దినాన్ని అక్కడివారు ‘నల్ల బుధవారం’ అని పిలుస్తారు. అటువంటి సంక్షోభాలను రోరీ ప్రజలకు వివరించాడు. అంతర్జాల వ్యాపార సంస్థలు అమాంతంగా లేచి, అంతే వేగంగా కూలిపోయిన తీరును గురించి 2001లో ‘డాట్ బాంబ్’ అనే గ్రంథం రాశాడు. 2007 నుండి సాంకేతిక విషయాల విలేఖరిగా పని చేశాడు. కంప్యూటర్లు, చేతిఫోన్లు మనిషి జీవితాన్ని ఎలా మారుస్తున్నాయో తేట మాటలలో చెప్పాడు. ఆయన భార్య డయాన్ కోయిల్ పేరున్న ఆర్థికశాస్త్రవేత్త.

రోరీకి అనారోగ్యం కొత్త కాదు. అంతకు ముందే ఆయన కంటిలో క్యాన్సర్ కణితి ఏర్పడి, చికిత్స జరిగింది. దాని నుండి తేరుకొని పని చేస్తున్న కాలంలో నడకలో తేడా కనిపించింది. ఒక కాలు కాస్త ఈడ్చినట్లుగా పడుతోంది. చేయి వణుకుతోంది. 2019 ఆరంభంలో వైద్యులు అది పార్కిన్సన్ వ్యాధి అని తేల్చారు. అప్పుడు ఆయన వయస్సు 61 సంవత్సరాలు.

అదే సంవత్సరం మే నెలలో బ్రిటన్‌లో 5జి సేవలు ఆరంభమవుతున్నాయి. ఆ కొత్త సాంకేతికత ద్వారానే ఒక ప్రత్యక్ష ప్రసారం ఏర్పాటయింది. రోరీ కెమెరా ముందు నిలబడి విశేషాలు వివరిస్తున్నాడు. లక్షలాది మంది చూస్తున్న ఆ సమయంలో ఆయన చేయి ఆగకుండా వణికింది. ప్రేక్షకులు గమనించారు. ఏమైందోనని కొందరు ఆందోళన చెందారు.

ఆయన ముందు రెండు దారులు ఉన్నాయి. చలి వల్ల వణికిందని చెప్పి తప్పుకోవచ్చు. ఇకపై చేయి కనబడకుండా కెమెరా పెట్టించుకోవచ్చు. ఆయన ఆ దారి పట్టలేదు. కొన్నాళ్ల కిందట తనకు పార్కిన్సన్ వ్యాధి ఉన్నట్లు తేలిందని, మంచి వైద్యం అందుతోందని, లక్షణాలు స్వల్పంగానే ఉన్నాయని, తన పని తాను యథావిధిగా చేసుకుంటానని బహిరంగంగా ప్రకటించాడు. ఆ ప్రకటన నాలుగైదు వాక్యాలకు మించలేదు. అందులో దుఃఖం లేదు, గొప్ప చెప్పుకోవడం లేదు. ఒక విలేఖరి వార్త చెప్పినట్లుగా ఉంది. ఇతర సంస్థల నష్టాలను దాచనివాడు తన దేహంలో కలిగిన నష్టాన్ని కూడా దాచలేదు.

ఆ తరువాత కూడా ఆయన రెండేళ్లకు పైగా బి.బి.సి.లో పని చేసి, 2021 అక్టోబరులో పదవి విడిచాడు. నలభై ఏళ్ల ఉద్యోగం ముగిసింది కాని ప్రశ్నించే అలవాటు ముగియలేదు. వైద్యరంగంలో వస్తున్న కొత్త పరికరాలు రోగికి నిజంగా ఉపయోగపడుతున్నాయా, ఆసుపత్రులలో రోగి సమాచారం ఒక చోటి నుండి మరొక చోటికి ఎందుకు చేరడం లేదు వంటి విషయాలపై వ్యాసాలు రాశాడు. ఇంతకాలం బయట నుండి చూసి రాసిన విలేఖరి ఇప్పుడు రోగుల వరుసలో కూర్చొని రాశాడు. అందువల్ల ఆ రాతలకు బలం పెరిగింది.

2023 మార్చిలో మరొక ప్రయత్నం మొదలైంది. రోరీతో పాటు మరో ఐదుగురు కలిసి ఒక ధ్వని కార్యక్రమం ఆరంభించారు. రేడియో కార్యక్రమంవలె ఉండి, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఫోనులో వినగలిగే ఇటువంటి దానిని పాడ్‌కాస్ట్ అంటారు. ఆ ఆరుగురికీ పార్కిన్సన్ వ్యాధి ఉంది. వారిలో జెరెమీ పాక్స్‌మన్, మార్క్ మార్డెల్, గిలియన్ లేసీ సోలిమార్ ప్రసార రంగంలో పని చేసినవారు. పాల్ మేహ్యూ ఆర్చర్ హాస్య రచయిత. సర్ నికొలస్ మోస్టిన్ న్యాయమూర్తిగా పని చేసినవాడు. కార్యక్రమానికి వారు ‘మూవర్స్ అండ్ షేకర్స్’ అని పేరు పెట్టారు. ఆంగ్లంలో ఆ మాటకు ‘సమాజాన్ని కదిలించే పెద్దలు’ అని అర్థం. విడదీసి చూస్తే ‘కదిలేవారు, వణికేవారు’ అని అర్థం. తమ జబ్బు మీద తామే నవ్వుకోవడానికి వారు వెనుకాడలేదు.

ఆ ఆరుగురూ ఒకచోట కూర్చొని నిద్ర పట్టకపోవడం గురించి, మందుల వేళల గురించి, కుటుంబ సభ్యులు పడే శ్రమ గురించి దాపరికం లేకుండా మాట్లాడారు. వైద్యులను పిలిచి ప్రశ్నలు వేశారు. వింటున్న రోగులకు ‘ఇది నా ఒక్కడికే కాదు’ అనే ధైర్యం కలిగింది. ఇది చిన్న ఉపకారం కాదు, మహోపకారం.

మాటలతో ఆగక వారు ప్రభుత్వాన్ని ఐదు కోరికలు కోరారు. మొదటిది, వ్యాధి ఉందని అనుమానం కలిగిన మనిషిని నిపుణుడైన వైద్యుడు త్వరగా చూడాలి. రెండవది, వ్యాధి తేలిన వెంటనే దానికి సంబంధించిన సమాచారం రోగి చేతికి అందాలి. మూడవది, రోగికి రావలసిన సౌకర్యాలు సులభంగా దక్కేటట్లు ఒక గుర్తింపు పత్రం ఉండాలి. నాలుగవది, మందులతో పాటు నర్సులు, వ్యాయామ శిక్షకులు మొదలైనవారి సంరక్షణ సమగ్రంగా లభించాలి. ఐదవది, వ్యాధిని నయం చేసే మార్గం కోసం పరిశోధనకు ధనం పెంచాలి. 2024 ఏప్రిల్ 11న, ప్రపంచ పార్కిన్సన్ దినాన, ఈ కోరికల పత్రాన్ని బ్రిటన్ ప్రధానమంత్రి కార్యాలయానికి తీసుకువెళ్లి అందజేశారు. వణికే చేతులతోనే అందజేశారు.

బ్రిటన్ రోగులు కోరిన ఐదూ మన దేశపు రోగులకు కూడా కావలసినవే. అయితే మనకు కొన్ని ఆధారాలు ఇప్పటికే ఉన్నాయి. 1995 నాటి వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను మాత్రమే గుర్తించింది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను ఇరవై ఒకటికి పెంచింది. వాటిలో పార్కిన్సన్ వ్యాధి కూడా ఒకటి. వైకల్యం నలభై శాతం లేదా అంతకు మించి ఉందని ప్రభుత్వ వైద్యులు ధ్రువీకరిస్తే, చట్టప్రకారం కొన్ని ప్రయోజనాలకు అర్హత కలుగుతుంది. వైద్యం కోసం బెంగళూరులోని నిమ్హాన్స్, హైదరాబాదులోని నిమ్స్ వంటి పెద్ద సంస్థలలో నాడీవైద్య నిపుణులు ఉన్నారు. బీదరులోనూ ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి ఉంది. ముంబయిలో 2001లో ఏర్పడిన పార్కిన్సన్ రోగుల సంస్థ పలు చోట్ల రోగులను, వారి కుటుంబాలను ఒకచోట చేర్చి వ్యాయామం, సలహా అందిస్తోంది. కాని ‘వయసైపోయింది’ అని ఇంట్లో కూర్చున్నవారికి ఈ చట్టమూ ఆసుపత్రీ సంస్థా ఏవీ పనికిరావు. వాటి తలుపు తట్టాలంటే ముందు జబ్బు పేరు చెప్పాలి.

ఈ వ్యాధికి ఉన్న మందు కథలో దక్షిణ భారతదేశానికి కూడా ఒక పేజీ ఉంది. పొలం గట్ల మీద దూలగొండి తీగ కనిపిస్తుంది. కొన్ని చోట్ల దురదగొండి అని కూడా అంటారు. దాని కాయల మీది నూగు తగిలితే ఒళ్లంతా దురద పుడుతుంది. 1937లో మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రజ్ఞులు ఆ గింజల నుండి లెవోడోపా అనే పదార్థాన్ని వేరు చేశారు. దాని విలువ తరువాత తెలిసింది. మెదడుకు కావలసిన డోపమైన్‌ను నేరుగా మందుగా ఇస్తే అది రక్తం నుండి మెదడులోకి ప్రవేశించలేదు. లెవోడోపా ప్రవేశించగలదు. లోపలికి చేరి డోపమైన్‌గా మారుతుంది. 1961లో వియన్నా నగరంలోని వైద్యులు దీనిని రోగులకు ఇచ్చి చూశారు. 1967లో అమెరికాలో కోట్జియాస్ అనే వైద్యుడు తగిన మోతాదుతో మంచి ఫలితాలు చూపించాడు. డోపమైన్ గురించి మూలపరిశోధన చేసిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి లభించింది.

నేటికీ పార్కిన్సన్ వ్యాధికి లెవోడోపాయే ముఖ్యమైన మందు. ఇది లక్షణాలను అదుపులో ఉంచుతుంది. వ్యాధిని మాత్రం పూర్తిగా తొలగించదు. దూలగొండి గింజలలో మందు ఉందని తెలిసి ఎవరూ వాటిని సొంతంగా వాడకూడదు. గింజ గింజకూ మోతాదు మారుతుంది, ప్రమాదం కలుగవచ్చు. వైద్యుడు రాసిన మందును వేళ తప్పకుండా వేసుకోవడం అత్యవసరం. ఉన్నట్టుండి మానేయడం కూడా ప్రమాదకరమే. నడక, వ్యాయామం మందుకు తోడుగా మేలు చేస్తాయి.

ఇంట్లోవారు చేయగలిగినవి కూడా ఎన్నో ఉన్నాయి. నడుస్తూ నడుస్తూ రోగి పాదాలు నేలకు అంటుకుపోయినట్లు గడప వద్ద ఆగిపోవచ్చు. అటువంటప్పుడు చేయి పట్టి లాగకూడదు. పడిపోయే ప్రమాదం ఉంది. గచ్చు మీద అడుగు దూరంలో అడ్డగీతలు గీస్తే, ఒక్కొక్క గీతను దాటుతూ ఆ మనిషే నడవగలుగుతాడు. ‘ఒకటి, రెండు’ అని లయగా లెక్కపెట్టినా అడుగు కదులుతుంది. గొంతు సన్నగా ఉంటే దగ్గర కూర్చొని వినాలి. ముఖంలో నవ్వు కనిపించకపోయినా మనసులో ప్రేమ ఉందని గ్రహించాలి. గుండీ పెట్టుకోవడానికి సమయం ఇవ్వాలి. తొందరపెడితే వణుకు ఇంకా ఎక్కువవుతుంది.

రోరీ కెత్లిన్ జోన్స్ వ్యాధిని జయించలేదు. జయించే మందు ఇంకా రాలేదు. ఆయన చేసినదల్లా నలుగురూ చూసిన వణుకుకు తానే పేరు పెట్టి చెప్పడం. ఆ ఒక్క మాట వెనుక ఎందరో రోగులు గొంతు విప్పారు. భాల్కిలో గాని, మరే ఊళ్లో గాని, కండువా కింద దాచుకున్న చేయి ఇంకా ఉండవచ్చు. “వయసైపోయింది బిడ్డా” అని తాత అన్నప్పుడు, “కాదు తాతా, దానికి ఒక పేరు ఉంది, మందు ఉంది, పోదాం పద” అని చెప్పగలిగిన మనుమడు ఆ ఇంటికి ఎంతో మేలు చేసినవాడవుతాడు. ఆ మాటను ఏ భాషలో చెప్పినా సరే.

పదాలు – అర్థాలు

వాణిజ్యం = వ్యాపారం
విలేఖరి = వార్తలు సేకరించి అందించే వ్యక్తి
నిబ్బరం = స్థిరత్వం, నిలకడ
పొదుగు = చెక్కిన చోట లోహం గాని రత్నం గాని అమర్చు
వృత్తాంతం = జరిగిన కథ, సమాచారం
సంక్షోభం = కల్లోలం, కష్టస్థితి
యథావిధిగా = ఎప్పటివలెనే
దాపరికం = మరుగుపరచడం
సమగ్రంగా = పూర్తిగా
ధ్రువీకరించు = నిజమని నిర్ధారించు
గచ్చు = సున్నం లేదా సిమెంటుతో చేసిన నేల

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యంలో జవాబులు రాయండి.

1. పార్కిన్సన్ వ్యాధిని కన్నడం, మరాఠీ, ఉర్దూ భాషలలో ఏమంటారు?
2. మెదడులో ఏ రసాయనం తగ్గడం వల్ల కదలికలు మందగిస్తాయి?
3. ప్రపంచ పార్కిన్సన్ దినాన్ని ఏ తేదీన పాటిస్తారు? ఎందుకు?
4. దూలగొండి గింజల నుండి లెవోడోపాను మద్రాసులో ఎవరు, ఎప్పుడు వేరు చేశారు?

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు మూడు లేక నాలుగు వాక్యాలలో జవాబులు రాయండి.

1. వాణిజ్య విలేఖరి పని ఏమిటి? పాఠంలోని ఉదాహరణతో వివరించండి.
2. చేయి వణకడం ప్రేక్షకులు గమనించినప్పుడు రోరీ ముందున్న రెండు దారులు ఏవి? ఆయన ఏ దారి ఎంచుకున్నాడు?
3. డోపమైన్‌కు బదులుగా లెవోడోపాను మందుగా ఎందుకు ఇస్తారు?
4. ‘వయసైపోయింది’ అనే జవాబు ఎందుకు సరియైనది కాదు?

ఇ) ఈ క్రింది ప్రశ్నలకు ఎనిమిది లేక పది వాక్యాలలో జవాబులు రాయండి.

1. రోగుల పక్షాన రోరీ, ఆయన మిత్రులు చేసిన కృషిని వివరించండి.
2. ‘జబ్బు కన్న ముందు సిగ్గు మనిషిని మంచాన పడవేస్తుంది.’ ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

ఈ) ఈ క్రింది పదాలను విడదీసి, సంధి పేరు తెలుసుకోండి.

ఉదాహరణ: వయసైపోయింది = వయసు + ఐపోయింది (ఉత్వ సంధి)
మహోపకారం = మహా + ఉపకారం (గుణ సంధి)
అత్యవసరం = అతి + అవసరం (యణాదేశ సంధి)

ఇదే విధంగా సూర్యోదయం, ప్రత్యేకం, రాముడతడు అనే పదాలను విడదీయండి.

ఉ) చేయండి.

1. మీ ఇంట్లో గాని, మీ వాడలో గాని ఉన్న ఒక పెద్దవారితో కూర్చొని, రోజువారీ పనులలో వారికి ఏది కష్టంగా ఉందో అడిగి తెలుసుకోండి. వారి అనుమతితో ఆ విషయాలను పది వాక్యాలలో రాయండి. వారి పేరు రాయవద్దు.
2. తలనొప్పి, జ్వరం, దగ్గు, వణుకు అనే మాటలను మీ ఊళ్లో వినిపించే అన్ని భాషలలో ఏమంటారో పట్టికగా రాయండి.